ట్రక్కు కొనేముందు వెనక సీట్లో కూర్చోండి, ఆ తర్వాత బండి కిందకి దూరండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా నమస్తే. మేము టెక్సస్ లో ఫ్రిస్కోలో ఉంటాం. నేను, మా ఆవిడ, బాబుకి ఆరేళ్ళు, పాపకి రెండేళ్ళు. గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఆరు నెలలు మాతోనే ఉంటారు. ఇంట్లో ఒక క్యామ్రీ కారు ఉంది, రెండో బండిగా పాత పికప్ ట్రక్కు ఒకటి తీసుకుని క్యాంపింగ్ కి తిరుగుదామని ఎప్పట్నుంచో ఆశ. బ్రోకెన్ బో, ఇంక్స్ లేక్, పాలో డ్యూరో, కుదిరితే బిగ్ బెండ్ కూడా. బడ్జెట్ 13 వేల డాలర్లు దాటకూడదు. రెండు బండ్లు చూశాను. ఒకటి 2006 టొయోటా టండ్రా డబుల్ క్యాబ్, 4.7 వి8, టూ వీల్ డ్రైవ్, 1,70,000 మైళ్ళు తిరిగింది, 12,500 చెప్తున్నాడు. రెండోది 2006 ఫోర్డ్ ఎఫ్-150 సూపర్ క్రూ, 5.4 ఇంజన్, ఫోర్ బై ఫోర్, 1,30,000 మైళ్ళు, 9,800 కే ఇస్తానంటున్నాడు, పైగా చూడ్డానికి తళతళలాడిపోతోంది. మా ఆవిడ మాత్రం పిల్లలున్న ఇంటికి ట్రక్కెందుకు, అదే డబ్బుకి హోండా ఒడిస్సీ వ్యాన్ వస్తుంది కదా అంటోంది. ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, ట్రక్కుల సంగతి తర్వాత, ముందు మా చెల్లెమ్మ అడిగిందానికి జవాబు చెప్పుకుందాం, ఎందుకంటే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. మీరు నలుగురు, అమ్మానాన్నతో కలిపి ఆరుగురు. ముందు రెండు విడి సీట్లుంటే ఈ ట్రక్కుల్లో పట్టేది ఐదుగురే. ముందు బెంచి సీటు ఉన్న బండిలో ఆరో మనిషికి చోటు ఉంటుంది కానీ డ్రైవర్ కి పక్కనే ఇరుక్కుని ఐదారు గంటలు ఎవరు కూర్చుంటారు? అంటే అమ్మానాన్న ఉన్నన్నాళ్ళూ మీరు రెండు బండ్లలో వెళ్ళాలి, ట్రక్కులో సామాను, క్యామ్రీలో పెద్దవాళ్ళు. అది మీకు ఓకే అయితే సరే. అలాకాకుండా ఆరుగురూ ఒకే బండిలో కబుర్లు చెప్పుకుంటూ పోవాలన్నదే ముఖ్యమైతే మాత్రం ఇంక చర్చే లేదు, ఒడిస్సీయో, టొయోటా వాళ్ళ వ్యాన్ సియెన్నాయో తీసుకోండి, వెనక ఒక హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) పెట్టించుకుంటే చిన్న కార్గో ట్రైలర్ కూడా లాగుతుంది.

ట్రక్కు ఎప్పుడు కావాలంటే, బురద పట్టిన టెంటు, తడిసిన కార్పెట్లు, సైకిళ్ళు, బొగ్గులు, గ్యాస్ సిలిండరు ఇవన్నీ మనుషులు కూర్చునే చోట కాకుండా బయట పడేసుకోవాలి అనుకున్నప్పుడు. ఇంటి పనులకి కూడా, మట్టి బస్తాలు, కలప, ఫర్నిచరు. రెండేళ్ళ పాప ఉన్న ఇంట్లో సగం సామాను పాపదే ఉంటుంది కాబట్టి ఆ బెడ్ (ట్రక్కు వెనక సామాను వేసుకునే తొట్టి) ఎంత హాయో వాడినవాళ్ళకే తెలుస్తుంది. ఇద్దరి మాటా నెగ్గే బండి కూడా ఒకటుంది, 2006 నుంచి 2014 దాకా వచ్చిన హోండా రిడ్జ్ లైన్. చూడ్డానికి పికప్, నడపడానికి వ్యాన్ లాగా మెత్తగా ఉంటుంది, బెడ్ అడుగున మూత తీస్తే తాళం వేసుకునే డిక్కీ ఉంటుంది, వెనక సీటు పైకి మడిస్తే కూలర్ నిలబెట్టొచ్చు. బెడ్ ఐదడుగులే, పెద్ద ట్రైలర్ లాగలేదు, కానీ మీరు రాసిన ఊళ్ళకి అది చాలు. దాని ఇంజన్ కి టైమింగ్ బెల్టు (వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పేది) ఉంటుంది, లక్ష మైళ్ళు దాటగానే మార్చాలి, మార్చిన రసీదు అడగండి. ఇది కూడా ఒకటి చూడమని చెల్లెమ్మ తరఫున నేను అడుగుతున్నాను.

ఇక ట్రక్కే అనుకుంటే, మనవాళ్ళు ట్రక్కు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం చేస్తారంటే బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తారు, టైర్లని కాలితో తంతారు, స్టార్ట్ చేసి సౌండ్ విని ఆహా అంటారు. నేనైతే రెండు చోట్ల ముందు చూడమంటాను, వెనక సీటు, బండి అడుగుభాగం. ఇంజన్ పోతే ఇంకోటి వేయించుకోవచ్చు, గేర్ బాక్స్ పోయినా అంతే. వెనక సీటు ఇరుగ్గా ఉంటే దాన్ని పెద్దది చేయలేం, ఫ్రేమ్ (బండి మొత్తాన్ని మోసే అడుగు ఇనుప చట్రం) తుప్పు పట్టి తినేస్తే ఆ బండికి ప్రాణం లేనట్టే.

వెనక సీటు చూడ్డానికి వెళ్ళేటప్పుడు పాప కార్ సీటు, బాబు బూస్టరు రెండూ పట్టుకెళ్ళండి, అమ్మేవాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. పాపది ఇంకా వెనక్కి తిరిగి ఉండే సీటే అయితే (సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేదాకా అలాగే ఉంచాలి) అది బిగించాక ముందు సీట్లో మీరు కూర్చుని చూడండి, మోకాళ్ళు డ్యాష్ బోర్డుకి తగులుతున్నాయా లేదా. 2002 సెప్టెంబర్ తర్వాత తయారైన బండ్లలో లాచ్ హుక్కులు (చైల్డ్ సీటు బిగించేవి) ఉంటాయి కానీ ట్రక్కుల్లో చైల్డ్ సీటు పై పట్టీ తగిలించే చోటు కార్లలో లాగా ఎదురుగా కనపడదు. వెనక సీటు వీపుకీ క్యాబిన్ గోడకీ మధ్య చెయ్యి దూర్చి వెతకాలి, చాలా ట్రక్కుల్లో అక్కడ ఒక గుడ్డ లూప్ ఉంటుంది, పట్టీని దాంట్లోంచి పోనిచ్చి పక్క సీటు వెనకున్న హుక్కుకి తగిలించాలి, ఎలా అన్నది ఓనర్స్ మాన్యువల్ లో బొమ్మతో సహా ఉంటుంది. ఇది తెలియక పై పట్టీని ఊరికే వేలాడేసి తిప్పేవాళ్ళు ఎందరో, దయచేసి మీరు అలా చెయ్యొద్దు. టెక్సస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి, నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు దాటితే తప్ప, చైల్డ్ సీటు ఉండాల్సిందే, అంటే మీ బాబుకి కూడా. క్యాంప్ గ్రౌండ్ లోపలే కదా అని పిల్లల్ని ఓపెన్ బెడ్ లో కూర్చోబెట్టి తిప్పడం మన ఊళ్ళో ట్రాక్టర్ ట్రక్కు ఎక్కినంత సరదాగా ఉంటుంది, కానీ వద్దు తమ్ముడూ, ఒక్క బ్రేకు చాలు.

క్యాబ్ పేర్లు చూసి మోసపోకండి, ఒక్కో కంపెనీది ఒక్కో భాష. మీరు చూసిన 2006 టండ్రాలో డబుల్ క్యాబ్ అంటే నాలుగు నిజమైన తలుపులు, పెద్దవాళ్ళు కూర్చోగల వెనక సీటు. అదే 2007 నుంచి వచ్చిన కొత్త టండ్రాలో డబుల్ క్యాబ్ అంటే మధ్య సైజు, పెద్దదాన్ని క్రూమ్యాక్స్ అన్నారు. ఫోర్డ్ లో సూపర్ క్యాబ్ చిన్నది, సూపర్ క్రూ పెద్దది. వెనక్కి తెరుచుకునే చిన్న తలుపులున్న బండి ఎంత చవకగా వచ్చినా పిల్లలున్న ఇంటికి పనికిరాదు, పార్కింగ్ లో పాపని దింపాలంటే ముందు తలుపు తీస్తే గానీ వెనక తలుపు రాదు. ఇంకోటి, అమ్మగారి మోకాళ్ళు. పక్కన మెట్టు, లోపల పట్టుకోడానికి పిడి ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఆవిడ ఎక్కనే ఎక్కరు.

ఇప్పుడు మీ రెండు బండ్లు. ఫోర్డ్ తళతళ చూసి తొందరపడకండి. 2004 నుంచి 2008 దాకా ఎఫ్-150లో వచ్చిన ఆ 5.4 ట్రైటన్, సిలిండర్ కి మూడు వాల్వులుండే ఇంజన్, దానికి రెండు జబ్బులు అందరికీ తెలిసినవే. ఒకటి స్పార్క్ ప్లగ్గులు, అవి రెండు ముక్కలు కలిపి చేసినవి, మసి పట్టి ఇంజన్ హెడ్ లో అతుక్కుపోయి విప్పేటప్పుడు సగంలో విరిగిపోతాయి, విరిగిన ముక్కని తీయడానికి ప్రత్యేకంగా ఒక టూల్ అమ్ముతున్నారంటే చూసుకోండి ఎంతమందికి జరిగిందో. లక్ష మైళ్ళకి మార్చాల్సిన ప్లగ్గులు, ఈ బండి 1,30,000 తిరిగింది, మార్చారా లేదా రసీదు అడగండి. రెండోది క్యామ్ ఫేజర్లు (వాల్వుల టైమింగ్ సర్దే భాగాలు), టైమింగ్ చెయిన్ గైడ్లు అరిగిపోవడం. చల్లగా ఉన్నప్పుడు వినిపించదు, అందుకే అమ్మేవాళ్ళు చుట్టూ ఒక రౌండ్ కొట్టించి ఆపేస్తారు. మీరు ఇరవై నిమిషాలైనా నడిపి, బాగా వేడెక్కాక, డ్రైవ్ లో పెట్టి బ్రేకు తొక్కి ఉంచి కిటికీ దించి వినండి, ముందు వైపు నుంచి డీజిల్ బండిలా టకటకమని వినిపిస్తే ఇక ఆ బండి జోలికి వెళ్ళకండి. ఆ రిపేరు రెండు మూడు వేల డాలర్ల పని, ఇప్పుడు తగ్గిందనుకున్న 2,700 అక్కడికే సరి. ఫోర్డే కావాలని మనసుంటే అదే ఏళ్ళలో వచ్చిన 4.6 ఇంజను, బలం తక్కువైనా గొడవ తక్కువ. 2011 నుంచి వచ్చిన 5.0 వి8 ఇంకా మేలు, మీ బడ్జెట్లో దొరికితే మైళ్ళు ఎక్కువున్నదే దొరుకుతుంది, అయినా పర్లేదు.

టండ్రా 4.7 మాత్రం నాకు నమ్మకమున్న ఇంజను. లక్షా డెబ్బై వేలు చూసి భయపడక్కర్లేదు, సరిగ్గా చూసుకున్నవి మూడు లక్షలు దాటి తిరుగుతున్నాయి. కానీ దానికి చెయిన్ కాదు బెల్టు, 90,000 మైళ్ళకోసారి మార్చాలి, 2005 నుంచి వచ్చిన ఇంజన్లలో బెల్టు తెగితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకి తగులుతాయి. ఒకసారి మార్చారనే అనుకుందాం, రెండోది 1,80,000 కి వచ్చేస్తుంది కదా, అంటే మీ చేతికొచ్చిన పదివేల మైళ్ళలోపే మీ జేబులోంచి పోతుంది. వాటర్ పంపుతో కలిపి వెయ్యి డాలర్లకి అటూఇటూ అవుతుంది. అందుకే ఇటీవలే మార్చిన రసీదు చూపించకపోతే 12,500 లోంచి వెయ్యి తీసేసి మాట్లాడండి, అది బేరం కాదు, లెక్క. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని వినిపించి వేడెక్కాక ఆగిపోతే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ చీలిందని అర్థం, నడవడానికి ఇబ్బంది లేదు కానీ ధరలో తగ్గించుకోండి. 2005, 2006 వాటిలో ఎయిర్ ఇంజెక్షన్ పంపు పోతే చెక్ ఇంజన్ లైటు వస్తుంది, అది ఖరీదైన పనే, కాబట్టి ఆ లైటు వెలుగుతుంటే దేనికి వెలుగుతోందో తెలుసుకునేదాకా డబ్బులివ్వొద్దు.

రీకాల్స్ సంగతి, అంటే లోపం ఉందని కంపెనీయే బండ్లని వెనక్కి పిలిచి బాగుచేయడం. విన్ నంబర్ ని (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఎ సైట్ లో కొట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. 2004 నుంచి 2006 టండ్రాలకి ముందు చక్రాల లోయర్ బాల్ జాయింట్ల మీద 2007లో రీకాల్ వచ్చింది, అది విడిపోతే చక్రం పక్కకి పడిపోతుంది. 2003 నుంచి 2006 టండ్రాలు తకాటా కంపెనీ ఎయిర్ బ్యాగ్ రీకాల్ లో కూడా ఉన్నాయి. ఫోర్డ్ నంబరూ కొట్టి చూడండి. చేయకుండా మిగిలిన రీకాల్ ఉంటే డీలర్ దగ్గర ఉచితంగా చేస్తారు, ఎయిర్ బ్యాగ్ ది మిగిలుంటే పిల్లల్ని ఎక్కించకముందే చేయించండి, ఇందులో వాయిదా వద్దు.

సరే, ఇప్పుడు కిందకి దూరండి. పాత చాప ఒకటి, గట్టి టార్చి లైటు, ఒక పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళండి. వెనక చక్రాల దగ్గర, లీఫ్ స్ప్రింగులు ఫ్రేమ్ కి తగిలే చోట, స్పేర్ టైరు పైనున్న అడ్డ బీమ్ దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన ఇనుము మొద్దుగా మోగి పొరలుగా రాలుతుంది. ఫ్రేమ్ కి పక్కనుండే రంధ్రాల్లోంచి లోపలికి లైటు వేసి చూడండి, తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. 2000 నుంచి 2003 టండ్రాలకి చలి రాష్ట్రాల్లో సరిగ్గా ఆ స్పేర్ టైరు బీమ్ తుప్పు మీదే రీకాల్ వచ్చింది. మీది 2006, మొదట్నుంచీ టెక్సస్ లోనే తిరిగిందయితే చింత లేదు, కానీ కార్ ఫ్యాక్స్ (బండి పాత చరిత్ర రిపోర్టు) లో ఒహాయో, మిషిగన్, న్యూయార్క్ లాంటి ఉప్పు జల్లే రాష్ట్రాల్లో కొన్నేళ్ళున్నట్టు కనపడితే ఈ పని రెండింతలు శ్రద్ధగా చెయ్యండి.

వరద బండ్లు ఇంకో బెడద. 2017లో హార్వీ తుఫాన్ కి హ్యూస్టన్ లో లక్షల బండ్లు మునిగాయి, అలాంటివి టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద వరద మచ్చ కడిగేసుకుని వేరే రాష్ట్రాలు తిరిగొచ్చి మళ్ళీ అమ్మకానికి వస్తాయి. సీట్ బెల్టు పూర్తిగా, చివరి అంగుళం దాకా బయటకి లాగండి, సాధారణంగా ఎవరూ కడగని ఆ చివరి భాగంలో నీటి మరక గీతలా కనపడుతుంది. సీటు కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయేమో, కార్పెట్ కింద ఒండ్రు ఉందేమో వేలితో తడిమి చూడండి. ఖరీదైన సెంటు వాసన గుప్పుమంటే ఏం దాస్తున్నారని అడగండి.

మైళ్ళ గురించి ఒక ముఖ్యమైన మాట. ఫెడరల్ రూల్ ప్రకారం 2010 మోడల్, అంతకన్నా పాత బండ్లకి అమ్మేవాడు ఓడోమీటర్ రీడింగ్ రాసివ్వక్కర్లేదు, టైటిల్ మీద ఎగ్జెంప్ట్ అని ఉంటుంది. అంటే ఆ 1,30,000 అన్నది ఫోర్డ్ ఓనర్ నోటిమాటే. ఆయిల్ మార్పించిన రసీదులు, కార్ ఫ్యాక్స్ లో పాత ఇన్ స్పెక్షన్ల దగ్గర రాసిన మైళ్ళు, వరసగా పెరుగుతూ వచ్చాయా చూడండి. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు ఎడమ అంచు కూడా బండి వయసు చెప్తాయి.

ఎమిషన్స్, అంటే పొగ పరీక్ష. 2025 జనవరి నుంచి టెక్సస్ లో మామూలు బండ్లకి సేఫ్టీ ఇన్ స్పెక్షన్ తీసేశారు, అంటే బ్రేకులు, లైట్లు, టైర్లు చూసి పాస్ చేసేవాడు ఇప్పుడు లేడు, ఆ పని మీదే. కానీ మీ ఫ్రిస్కో ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్టు ఇంకా ఉంది, బండికి 24 ఏళ్ళు దాటేదాకా ఉంటుంది. ఇరవై ముప్పై డాలర్లకి దొరికే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ లోని కోడ్లు చదివేది) కొనుక్కుని వెళ్ళండి. చెక్ ఇంజన్ లైటు వెలగకపోయినా మానిటర్లు (బండి తనకి తాను చేసుకునే పరీక్షలు) నాట్ రెడీ అని చూపిస్తే నిన్నో మొన్నో కోడ్ చెరిపేశారని అర్థం. అప్పుడు "వారం తర్వాత వస్తాను, ఈలోపు నడపండి" అని వచ్చేయండి. ఇవన్నీ బాగున్నాక కూడా మీ తరఫున ఒక ఇండిపెండెంట్ మెకానిక్ తో లిఫ్టు మీద పెట్టించి చూపించండి, 150 నుంచి 200 డాలర్లు అవుతుంది. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

ఇప్పుడు ఎవరూ లెక్కేయని సంగతి, బరువు. ట్రక్కు అంటే ఎంతైనా మోస్తుందని మనకో నమ్మకం. డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద స్టిక్కరు ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని, ఈ సైజు బండ్లలో చాలావాటికి అది 1,200 నుంచి 1,600 మధ్య ఉంటుంది. మీ ఇంటి లెక్కే వేద్దాం. మీరిద్దరూ 330, పిల్లలు, వాళ్ళ సీట్లు 110, నిండు కూలర్ 70, ఏడు గాలన్ల నీళ్ళు 60 దాకా, టెంటు, పరుపులు, స్టవ్, గిన్నెలు 130, బెడ్ పైన ఫైబర్ గ్లాస్ క్యాంపర్ షెల్ (మూతలాంటి కప్పు) వేయిస్తే 180. అప్పుడే 880 అయింది. ఇక 2,500 పౌండ్ల పాప్ అప్ ట్రైలర్ (విప్పితే టెంటు అయ్యేది) తగిలిస్తే దాని బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం హిచ్ మీద పడుతుంది, అంటే 250 నుంచి 375. మొత్తం 1,250 దగ్గరకి వచ్చేసింది, అమ్మానాన్న ఎక్కనే లేదు. బరువు దాటితే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, టైర్లు వేడెక్కుతాయి, టెక్సస్ ఎండలో పేలేది అవే. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడండి, 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. ట్రెడ్ ఎంత బాగున్నా అంత పాత టైర్లతో పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కొద్దు, నాలుగు కొత్త టైర్లకి ఓ 800 పక్కన పెట్టుకోండి.

ఫోర్ బై ఫోర్ గురించి మీరు అడగలేదు కానీ ఫోర్డ్ వైపు మనసు లాగేది అదేనని నా అనుమానం. బ్రోకెన్ బోలో బీవర్స్ బెండ్, ఇంక్స్ లేక్, పాలో డ్యూరో, వీటి క్యాంప్ గ్రౌండ్లకి తారు రోడ్డు ఉంది, మీ క్యామ్రీ కూడా వెళ్తుంది. బిగ్ బెండ్ లో ఓల్డ్ ఓర్ రోడ్ లాంటి మట్టి దారులకి, పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్ లో ఐదో మైలు దాటాక ఇసుక మీదకి అది కావాలి. చిన్నపిల్లలతో ఆ దారులు ఇప్పుడే వద్దు. టూ వీల్ డ్రైవ్ అయితే చెడిపోయే సామాను తక్కువ, పెట్రోలూ కాస్త తక్కువే. పెట్రోలు అంటే గుర్తొచ్చింది, ఈ వి8లు గాలన్ కి 15 మైళ్ళు ఇస్తే గొప్ప. బిగ్ బెండ్ రానూపోనూ 1,100 మైళ్ళ పైమాటే, 75 గాలన్లు. చెల్లెమ్మకి ఈ లెక్క ముందే చెప్పండి.

పడుకోవడం గురించి. టండ్రా డబుల్ క్యాబ్ బెడ్ ఆరడుగుల రెండంగుళాలు, కాళ్ళు చాపుకోవచ్చు. సూపర్ క్రూలో ఎక్కువగా వచ్చేది ఐదున్నర అడుగులది, టెయిల్ గేట్ దించితే గానీ పట్టరు. ఏ బెడ్ లో అయినా చక్రాల గూళ్ళ మధ్య ఇద్దరే పడతారు, కాబట్టి మీకు నేల మీద పెద్ద టెంటు, ట్రక్కు సామాన్లకి. షెల్ లోపల ఎవరు పడుకున్నా సరే, ప్రొపేన్ హీటరు, స్టవ్, బొగ్గుల కుంపటి, జెనరేటరు ఏదీ లోపల గానీ ఆనుకుని గానీ పెట్టొద్దు, కార్బన్ మోనాక్సైడ్ కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. టండ్రాలో వెనక అద్దం మొత్తం కిందకి దిగుతుంది, పిల్లలకి భలే ఇష్టం, కానీ షెల్ తలుపు తెరిచి ఉంచి ఆ అద్దం దించి నడిపితే పొగ గొట్టం గాలి క్యాబిన్ లోకే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ని పసిగట్టే బ్యాటరీ అలారం ఒకటి ముప్పై డాలర్ల లోపే, టెంట్లోకీ షెల్ లోకీ ఒక్కోటి పెట్టుకోండి.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. అమ్మేవాడితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళి అక్కడే 130-యు ఫారం (టైటిల్ మీ పేరుకి మార్చే దరఖాస్తు), సంతకం చేసిన టైటిల్ ఇచ్చేయండి, "తర్వాత చూద్దాం" వద్దు. పన్ను 6.25 శాతం, 12,500 కి 780 చిల్లర. ధర తక్కువ చేసి రాయించినా లాభం లేదు, వాళ్ళ లెక్కలో ఆ బండి విలువకి 80 శాతం కన్నా తగ్గితే ఆ 80 శాతం మీదే కట్టించుకుంటారు. సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నదని తేల్చిన బండి) లేదా రీబిల్ట్ (దాన్నే బాగుచేసింది) టైటిల్ అయితే కొనొద్దు.

నా మాట అడిగారు కాబట్టి, టండ్రా. ఫ్రేమ్ శుభ్రంగా ఉండి, బాల్ జాయింట్లు, ఎయిర్ బ్యాగ్ రీకాల్స్ అయిపోయి, బెల్టు లెక్క ధరలో తేలి, పాప సీటు పెట్టాక మీరు హాయిగా కూర్చోగలిగితే 11,500 దగ్గర తీసుకోండి, మిగిలిన 1,500లో పన్ను పోను టైర్లకి, బెల్టుకి ఇంకొంచెం వెయ్యాల్సి వస్తుంది, ఆ సంగతి ముందే ఒప్పుకుని కొనండి. వీటిలో ఫ్రేమ్ ఒక్కటి తేడా వచ్చినా వెనక్కి వచ్చేయండి.

ప్రశ్న: నమస్తే అండి, మాది మిషిగన్ లో నోవై. మావారికి 2007 టొయోటా టకోమా పికప్, డబుల్ క్యాబ్ బాగా నచ్చింది, 9,000 డాలర్లు. డీలర్ బండి కింద మొత్తం కొత్తగా నల్ల కోటింగ్ వేయించానని చెప్తున్నాడు. మంచిదే కదా?

జవాబు: అమ్మా, పైన పటారం లోన లొటారం అనే సామెత ఇలాంటి బండ్లకే సరిపోతుంది. మీ ఊళ్ళో చలికాలమంతా రోడ్లకి ఉప్పు జల్లుతారు, 2005 నుంచి 2010 దాకా టకోమాల ఫ్రేములు ఆ ఉప్పుకి తినేయడం మీద టొయోటా కోర్టులో సెటిల్ మెంట్ చేసుకుని చాలా బండ్లకి ఫ్రేములే మార్చింది. ఆ గడువు బండి మొదట అమ్మిన రోజు నుంచి పన్నెండేళ్ళే, మీది ఎప్పుడో దాటిపోయింది, ఇప్పుడు పోతే మీ ఖర్చే. అమ్మకానికి ముందు వేసిన కోటింగ్ తుప్పుని ఆపదు, కనపడకుండా చేస్తుంది.

అయినా ఆశ వదలక్కర్లేదు. విన్ నంబర్ తో టొయోటా డీలర్ సర్వీస్ డిపార్ట్ మెంట్ కి ఫోన్ చేసి ఈ బండికి ఫ్రేమ్ మార్చారా అని అడగండి. మార్చి ఉంటే అది బంగారం లాంటి బండి. మార్చకపోతే కోటింగ్ మీద సుత్తితో కొట్టి చూడనిస్తారా అని అడగండి, బ్రేక్ పైపులు కూడా చూపించుకోండి. మీకు జార్జియాలోనో కరోలినాల్లోనో టెక్సస్ లోనో చుట్టాలుంటే అక్కడ బండి చూసి మెకానిక్ తో పరీక్ష చేయించమనండి, మీరు విమానంలో వెళ్ళి నడుపుకుంటూ వచ్చేయొచ్చు, టిక్కెట్టు, పెట్రోలు, హోటలు కలిపినా ఫ్రేమ్ రిపేరులో పదో వంతు కాదు. తెచ్చాక చలికాలం మొదలయ్యేముందు ఏటా ఆయిల్ రకం అండర్ కోటింగ్ వేయించండి.

ప్రశ్న: అన్నా, హైదరాబాద్ మణికొండలో ఉంటాం. సెకండ్ హ్యాండ్ ఇసుజు వి-క్రాస్ పికప్ 2017ది వచ్చింది, ఢిల్లీ రిజిస్ట్రేషన్, ఇక్కడి రేటు కన్నా చాలా తక్కువ. నాగార్జునసాగర్, అనంతగిరి, లంబసింగి అలా ఫ్యామిలీతో టెంటేసుకుని తిరగాలని. తీసుకోవచ్చా?

జవాబు: బండి మంచిదే తమ్ముడూ, మన శ్రీసిటీలో తయారైందే, 2016లో వచ్చింది. తక్కువ రేటుకి కారణం ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షల భయం కావచ్చు, అందుకే అక్కడివాళ్ళు ముందే వదిలించుకోవాలని చూశారు. ఇక్కడికి తేవాలంటే ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఢిల్లీ ఆర్టీఓ ఇచ్చే కాగితం), రీ-రిజిస్ట్రేషన్, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ అన్నీ మీరే కట్టాలి, అవి కలిపాక రేటు చూడండి, ఇక్కడి బండికి పెద్ద తేడా మిగలకపోవచ్చు. లోను మీదున్న బండైతే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 (ఆర్సీలో లోను తీసేయించేది), ఆ తర్వాత 29, 30 (మీ పేరుకి మార్పించేవి). ఆర్సీలో వెహికల్ క్లాస్ ప్రైవేటా, గూడ్సా చదివి చూడండి, గూడ్స్ అని ఉంటే ఫ్యామిలీ తిరగడానికి ఇన్సూరెన్స్ దగ్గర చిక్కులొస్తాయి. చలాన్లు కూడా చూసుకోండి.

ఖాళీగా ఉన్నప్పుడు వెనక లీఫ్ స్ప్రింగుల వల్ల ఎగురుతుంది, పెద్దవాళ్ళని వెనక కూర్చోబెట్టి ఔటర్ మీద కాకుండా గుంతల రోడ్డు మీద నడిపి చూడండి, వాళ్ళ నడుమే చెప్తుంది కొనాలో వద్దో. పొడవు 5.3 మీటర్లు, మీ అపార్ట్ మెంట్ సెల్లార్ మలుపులో తిరుగుతుందా, మీ స్లాట్ లో పడుతుందా టేపు పెట్టి కొలిచి, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి.